మోడుకు కావలి

నరికింది నేనే.
తీర్మానాల బుక్కుల రాసే ఉన్నది,
పద్నాలుగో పేజీ, కింది నుంచి మూడో వరుస:
పూనెం ఎర్రయ్య, ఒక టేకు, మూడు జానల లావు.
పక్కన నా వేలిముద్ర.

ఇంటి దూలం పగిలింది.
వానలు పదొద్దుల దూరంల ఉన్నయి.
నర్సంపేట అడితిల అడిగితే
ఒక కారు వడ్ల పైసలు చెప్పిండు.
సమితిని అడుగుదామంటే మీటింగు అమాసకు.
ఆకలి ఆగుతది, కప్పు ఆగదనుకున్న.

గొడ్డలి పడ్డప్పుడల్లా
కీచురాళ్ళు ఒక్కసారి ఆగి
మళ్ళ మొదలువెట్టినయి,
ఎవరో లెక్కపెడుతున్నట్టు.

పట్టుకున్నది బీటాఫీసరు కాదు.
ఆ రాత్రి కావలి వంతు మా అన్న ఇంటిది.
అన్నకు జరం. వదిన వచ్చింది.
టార్చి నా మొకం మీద వేసి
"ఎర్రయ్యా" అన్నది.
అంతే.
తిట్టినా బాగుండు.

మీటింగుల కేసు పెట్టాలె అన్నడొకడు.
నిరుడు కార్చిచ్చు ఆర్పబోయి కాలిన కుర్సం లింగు
ఏమనలే.
మచ్చల కాలు ముందుకు చాపి కూసున్నడు.
నాకు అదే కేసు.

వజ్జ ముత్తక్క తునికాకు కట్ట కట్టుకుంటనే అడిగింది:
"మొద్దు ఎంతెత్తుల కొట్టినవ్?"
మోకాలంత, అన్న.
"చాతగాని నరుకుడు. నేల కాడికి కొట్టాలె,
వాలుగ, నీళ్ళు నిలువకుండ."
అందరు నవ్విన్రు.
ఆ నవ్వులనే శిక్ష పడ్డది:
అయిదు నూర్లు జుర్మానా,
మూడేండ్లు ఆ మోడుకు కావలి.

మోడుకు కావలేంది,
పోవాల్సింది పోయినంక?
గునుసుకుంటనే పోయి
దాన్ని నేల కాడికి దించిన. వాలుగ.

మిరుగం పోయినంక చూస్తే
మోడు చుట్టు ఏడు పిలకలు.
లేతాకు ఒకటి నలిపిన.
అరచెయ్యి ఎర్రగైంది.
టేకు గుణమే అది, నాకు ఎరుకే,
అయినా చెయ్యి అంగికి తుడుచుకున్న.

మేకలొచ్చినయి. రాళ్ళతోని కొట్టిన.
మేకలు నావే.
రేగుకంప తెచ్చి చుట్టు నాటిన.
మాఘంల అందరితోని కలిసి ఆకు ఊడ్చి
రెండు బారల వెడల్పు అగ్గిగీత తీసిన.
ఇప్పపువ్వుకు చెట్ల కింద మంట పెట్టొద్దని
నా మామతోనే తగువు పడ్డ.
పాత చీర పరిస్తె పువ్వు మన్నుగాదు, చూడు, అని
నా పెండ్లాం చీర ఇచ్చిన.
ఆ తగువు వేరే.

రెండో ఏడు ముత్తక్క వచ్చి
నా చేతికి కొడవలిచ్చింది.
"ఏడిట్ల రెండు ఉంచు."
చెయ్యి రాలే.
మూడు జానల మానుకు రాని వణుకు
బొటనవేలంత పిలకకు వచ్చింది.

"అన్ని ఉంచితే
ఏదీ దూలం కాదు బిడ్డా.
పైన పుట్టింది గాలికి ఊడుతది.
మన్ను తాకి పుట్టింది
సొంత వేరు పోస్తది. అది చూసుకో."

అయిదు కోసిన.
పట్టపగలు భుజాన పెట్టుకొని
ఊరి నడుమ నుంచి నడిచొచ్చిన.
వదిన ఆపి, పట్టి చూసి,
బుక్కు తీసి రాసింది:
ఎర్రయ్య, కట్టెలు అయిదు, చిక్కుడు పందిరికి.
ఈసారి వేలిముద్ర అడగలే.

మూడేండ్లు నిరుడే ఒడిసినయి.
ఇంకా పోతనే ఉన్న,
అలవాటో, అనుమానమో.
వానరాత్రి ఇంటి దూలం కిర్రుమంటే
అక్కడ రెండు పిలకలు
తడుస్తున్నయని నిద్రల తెలుస్తది.

నా భుజం దాటినయి రెండూ.
ఎప్పుడో ఒకటి తీయాలె.
ఏది అని ముత్తక్కను అడగలే.
ఈ నడుమ ఆమెకు చూపు ఆనుతలేదు.
తీసుకపోతే
చేతితోని తడిమి చెప్తది కావచ్చు.
రేపు, ఎల్లుండి అనుకుంట
జరుపుతున్న.